జరగని కథకు నిజమైన యాత్ర

ఒక సంఘటన ఎన్నడూ జరగలేదని, అందులోని మనిషి ఎన్నడూ పుట్టలేదని నిస్సందేహంగా తెలిసినవారు కూడా, అది జరిగినట్లు తెరమీద చూపిన చోటును కళ్లారా చూడాలని డబ్బూ కాలమూ వెచ్చించి ప్రయాణమై పోవడం ఈ కాలంలో బాగా స్థిరపడిన ఆచారం. టెలివిజన్ ధారావాహికల అభిమానులు ఒక నగరంలో చిత్రీకరణ జరిగిన వీధులను, భవనాలను, రేవులను ఉదయం మొదలుకొని సాయంత్రంలోగా వరుసగా చూసి వచ్చే ఒక్కరోజు యాత్ర దీనికి సాధారణ రూపం. దీనిని వినోదయాత్రల పద్దులో వేసి ఊరుకోవచ్చు గాని, అలా ఊరుకుంటే మతతత్త్వానికీ సౌందర్యశాస్త్రానికీ సమానంగా చెందిన ఒక ప్రశ్న మరుగున పడిపోతుంది. ఒక చోటును పవిత్రం చేసేది అక్కడ జరిగిన సంఘటనా, జరిగిందన్న నమ్మకమా, లేక ఆ రెండూ లేకపోయినా నిలవగల మరొకటా? సంఘటనా లేక, నమ్మకమూ లేక, యాత్ర మాత్రమే మిగిలిన అభిమాని విషయంలో ఈ ప్రశ్నను తప్పించుకోవడానికి దారి లేదు.

వేల్స్ రాజధాని కార్డిఫ్ ఈ విచారణకు తగిన క్షేత్రం. బీబీసీ 1963 నవంబరు 23న ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ అనే వైజ్ఞానిక కల్పనా ధారావాహిక 1989లో ఆగిపోయి, 2005 మార్చి 26న రస్సెల్ టి. డేవిస్ ప్రధాన రచయితగా తిరిగి మొదలైనప్పుడు, దాని నిర్మాణ బాధ్యత బీబీసీ వేల్స్ శాఖకు దక్కింది. పాతకాలపు పోలీసు పెట్టె ఆకారంలో ఉండే టార్డిస్ అనే నౌకలో కాలాన్నీ అంతరిక్షాన్నీ చుట్టివచ్చే ‘డాక్టర్’ దాని కథానాయకుడు. 2006లో దాని శాఖగా ‘టార్చ్‌వుడ్’ అనే మరో ధారావాహిక పుట్టింది. మొదటిదానిలో కార్డిఫ్ ఎక్కువగా ఇతర నగరాల వేషం కట్టింది. 2005 నాటి తొలి భాగంలో దుకాణాల అద్దాల వెనుక ఉన్న బొమ్మలు ప్రాణం పోసుకుని లండన్ జనం మీద పడే దృశ్యాన్ని కార్డిఫ్‌లోని క్వీన్స్ ఆర్కేడ్ వద్ద తీశారు, 2010లో చిత్రకారుడు వాన్ గో పాత్రగా వచ్చిన భాగంలో కార్డిఫ్ జాతీయ మ్యూజియమే పారిస్‌లోని ఓర్సే మ్యూజియంగా కనిపించింది. రెండవదానిలో కార్డిఫ్ కార్డిఫ్‌గానే నటించింది. ఒక చోటు మరొక చోటుగా నిలవడం, ఒక చోటు తనకే కల్పిత ప్రతిరూపంగా నిలవడం అనే రెండు స్థితులూ ఒకే నగరంలో, ఒక పూట నడకలో తారసపడతాయి.

అభిమానుల దారి తప్పకుండా కార్డిఫ్ బే రేవు ప్రాంతంలోని రోల్డ్ డాల్ ప్లాస్ అనే విశాలమైన కోలాకారపు కూడలికి చేరుతుంది. అక్కడ అద్దంలా మెరిసే ఉక్కు స్తంభం ఒకటి ఉంటుంది. దాని ఒంటిమీదుగా నీరు పలచని పొరలా జారుతూ ఉంటుంది. ఆ స్తంభం మొదట్లో పరచిన ఒక బండ మీద అభిమానులు నిలబడి ఫొటో దిగుతారు. ధారావాహిక ప్రకారం ఆ కూడలి కింద టార్చ్‌వుడ్ అనే రహస్య సంస్థ స్థావరం ఉంది, ఆ బండ స్థావరంలోకి దిగే లిఫ్టు, దానిమీద నిలబడిన మనిషి దారిన పోయేవారి దృష్టికి ఆనడు. ఎందుకు ఆనడన్న ప్రశ్నకు కథ ఇచ్చే సమాధానం ఆసక్తికరమైనది: ఒకప్పుడు డాక్టర్ నౌక టార్డిస్ సరిగ్గా ఆ చోట దిగి ఉండడం వల్ల, దానికున్న మరుగుపరిచే శక్తి ఆ రాతికి అంటింది. దివ్యపురుషుని పాదం సోకడం వల్ల ఒక శిలకు మహిమ కలిగిందని చెప్పే స్థలపురాణాల నిర్మాణం, అంటే ఒక క్షేత్రం ఎందుకు క్షేత్రమైందో వివరించే కథల నిర్మాణం, ఇక్కడ యథాతథంగా ఉంది. దీనిని రాసినవారు ఏ పురాణాన్నీ అనుకరించవలసిన అవసరం లేదు. స్థలానికి విశేషం కల్పించదలచిన మానవ భావన సహజంగా పట్టే దారే అది.

యాత్రికుల ప్రవర్తనలోనూ ఈ పోలిక కొనసాగుతుంది. క్రీ.శ. 4వ శతాబ్దం చివరలో ఎగేరియా అనే క్రైస్తవ యాత్రికురాలు పవిత్రభూమిని సందర్శించి, వెళ్లిన ప్రతిచోటా ఆ చోటుకు సంబంధించిన బైబిలు ఘట్టాన్ని అక్కడే నిలబడి చదివించుకున్న తీరును తన రచనలో నమోదు చేసింది. కార్డిఫ్‌లోని అభిమాని చేతిలోని ఫోనులో దృశ్యాన్ని ఆపి, తెరమీది గోడ అంచూ ఎదుటి గోడ అంచూ ఒకే గీతలోకి వచ్చేదాకా ముందుకూ వెనక్కూ జరుగుతాడు. ఆ రెండూ కలిసిన క్షణమే అతడి దర్శనం. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ 1941లో పవిత్రభూమిలోని సువార్త స్థలాల గురించి రాసిన గ్రంథంలో, సమష్టి స్మృతి, అనగా ఒక సమాజం ఉమ్మడిగా దాచుకునే జ్ఞాపకం, నిలదొక్కుకోవడానికి రాళ్లనూ వాగులనూ వెతుక్కుంటుందని, అవసరమైతే కొత్త ఆనవాళ్లను ఏర్పరచుకుంటుందని చూపించాడు. గోదావరి గట్టున భద్రాచలానికి సమీపంలోని పర్ణశాలలో వాగు ఒడ్డు బండల మీది రంగు చారలను సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులుగా చూపడం, సీతారాముల పర్ణశాల ఉన్న పంచవటి తమదేనని మహారాష్ట్రలోని నాసిక్ కూడా చెప్పుకోవడం ఈ కోవలోనివే. ఒకే ఘట్టానికి రెండు చోట్లు ఉన్నందువల్ల భక్తుడికి ఏ ఇబ్బందీ కలగలేదు. వేల్స్‌లోనే 12వ శతాబ్దం నాటి సంప్రదాయం ఒకటి, సెయింట్ డేవిడ్స్ క్షేత్రాన్ని రెండుసార్లు దర్శిస్తే ఒకసారి రోము వెళ్లిన ఫలం దక్కుతుందని చెబుతుంది; వేములవాడను, అలంపురాన్ని దక్షిణ కాశి అనడంలో ఉన్నదీ అదే భావం. ఒక చోటు మరొక చోటుకు బదులు నిలవడం యాత్రా సంప్రదాయానికి పరాయిది కాదు.

అయితే ఈ పోలికను ఇంతటితో ముగించడం న్యాయం కాదు. పర్ణశాలకు వెళ్లే భక్తుడు రాముడున్నాడని నమ్ముతాడు, కార్డిఫ్‌కు వెళ్లే అభిమాని డాక్టర్ లేడని ఎరుగును. ఈ భేదాన్ని చెరిపివేసే సిద్ధాంతం ఏదైనా విశ్వాసాన్ని కల్పన స్థాయికి దించడమో, కల్పనకు లేని అధికారాన్ని కట్టబెట్టడమో చేస్తుంది. లేనివాడని తెలిసిన పాత్ర పట్ల దుఃఖం ఎలా కలుగుతుందన్న చిక్కును ఆంగ్ల తత్త్వవేత్త కోలిన్ రాడ్‌ఫర్డ్ 1975లో అన్నా కరెనినా పాత్రను ఉదాహరణగా తీసుకుని లేవనెత్తి, అటువంటి దుఃఖం సహజమే అయినా అసంగతమని తేల్చాడు. మరో తత్త్వవేత్త కెండల్ వాల్టన్ 1978లో, అది అసలు దుఃఖమో భయమో కాదని, ఆటలో పాల్గొనేవాడు అనుభవించే భయాభాసమని సమాధానం చెప్పాడు. ఈ రెండు సమాధానాలూ నిజం, అబద్ధం అనే రెండే గదులున్న ఇంట్లో కల్పనకు చోటు వెతుకుతున్నాయి. భారతీయ నాట్యశాస్త్ర వ్యాఖ్యాతలు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే మూడో గదిని కట్టారు.

నాట్యశాస్త్రానికి అభినవగుప్తుడు క్రీ.శ. 1000 ప్రాంతంలో రాసిన అభినవభారతి వ్యాఖ్యలో, అంతకు ముందటి వ్యాఖ్యాత శ్రీశంకుకుడి మతం ఒకటి నమోదై ఉంది. రంగస్థలం మీది నటుణ్ణి చూసి ప్రేక్షకుడు ఇతడు రాముడని గ్రహించడం సమ్యక్ జ్ఞానం, అంటే యథార్థ జ్ఞానం కాదు. తరువాత అబద్ధమని తేలే మిథ్యాజ్ఞానమూ కాదు. అవునో కాదోనన్న సంశయమూ కాదు. రాముడి వంటివాడన్న సాదృశ్యమూ కాదు. బొమ్మలోని గుర్రాన్ని చూసి గుర్రమని అన్నప్పుడు కలిగే గ్రహింపు ఈ నాలుగింటికీ వేరైనట్లే ఇదీ వేరని ఆయన వాదం. దీనికే చిత్రతురగ న్యాయమని పేరు. క్వీన్స్ ఆర్కేడ్ ముందు నిలిచి ‘ఇది లండన్’ అనే అభిమాని మాటకు సరిపోయే తార్కిక స్థానం ఇదే. అతడు భ్రమపడలేదు. తాడును పాముగా భ్రమించినవాడికి తాడని తెలియగానే భయం తొలగిపోతుంది. ఇలా తరువాతి జ్ఞానం ముందరి జ్ఞానాన్ని రద్దు చేయడాన్ని వేదాంతులు బాధ అంటారు. కల్పనలో ప్రేక్షకుడికి మొదటినుంచీ సత్యం తెలిసే ఉంటుంది గనుక రద్దు కావలసినదేమీ లేదు, అందువల్లనే ఆ భావం నిలుస్తుంది. శంకుకుడి అనుమితివాదాన్ని, అనగా రసం ఊహద్వారా గ్రహించబడుతుందన్న వాదాన్ని, అభినవగుప్తుడు ఖండించిన మాట నిజమే గాని, కల్పనా ప్రతీతి భ్రమకు భిన్నమన్న అంశం ఆ ఖండనతో కూలిపోలేదు.

అసలు చిక్కు మరొకచోట ఉంది. భట్టనాయకుడనే మరో ఆలంకారికుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు మెరుగుపరచిన సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం, పాత్రల భావాలు ఫలానా మనిషివి, ఫలానా కాలానివి, ఫలానా చోటివి అన్న హద్దులు విడిచి సర్వసామాన్యమైనప్పుడే సహృదయుడికి, అంటే కావ్యంతో సమానమైన హృదయం గల ప్రేక్షకుడికి రసానుభవం కలుగుతుంది. దేశకాలాలు కరిగిపోవడమే రసానికి షరతు అయితే, రసాన్ని అనుభవించినవాడు తిరిగి ఆ దేశాన్ని, ఆ గోడను, ఆ బండను వెతుక్కుంటూ ఎందుకు పోవాలి? అభిమాని నడక రసానికి ఎదురు దిశలో సాగుతున్నట్లు కనిపిస్తుంది. ఈ చిక్కును విప్పడానికి అలంకారశాస్త్రం కన్న శ్రీవైష్ణవుల అర్చావతార భావన ఎక్కువ తోడ్పడుతుంది. భగవంతుడు ఐదు రీతుల్లో ఉంటాడని ఆ సంప్రదాయం చెబుతుంది. వాటిలో రామకృష్ణాది అవతారాలైన విభవ రూపం ఆ యుగంలో బతికినవారికే దక్కగా, గుడిలోని విగ్రహమైన అర్చ ఆలస్యంగా పుట్టినవారందరికీ అందుబాటులో ఉండే రూపం. ఈ అందుబాటుకే సౌలభ్యమని పేరు. అనుభవం ఎంత విశాలమైనదైనా దేహమున్న మనిషి దానిని ఒక చోట తాకి చూడాలనుకుంటాడు. అది అనుభవంలోని లోపానికి గుర్తు కాదు, అనుభవించినవాడికి కాళ్లూ చేతులూ ఉన్నాయనడానికి గుర్తు. అభిమాని బండ మీద నిలబడేది రసం కోసం కాదు, రసానికి తరువాత మిగిలే కృతజ్ఞత కోసం.

ఈ కృతజ్ఞత ఎంత దూరం పోగలదో కార్డిఫ్‌లోనే తెలిసింది. 2009 జులైలో వరుసగా ఐదు రాత్రులు ప్రసారమైన టార్చ్‌వుడ్ మూడవ శ్రేణి నాలుగవ భాగంలో, గారెత్ డేవిడ్-లాయిడ్ నటించిన యాంటో జోన్స్ అనే పాత్ర, భూమ్మీది పిల్లల్లో పదో వంతును అప్పగించమన్న గ్రహాంతరజీవులకు ఎదురునిలిచి ప్రాణాలు విడిచింది. ఆ తరువాత మెర్మెయిడ్ కీ అనే రేవు సముదాయంలో, కథలో టార్చ్‌వుడ్ స్థావరానికి దొడ్డిదారిగా చూపిన తలుపు దగ్గరి గోడ మీద అభిమానులు పూలు, ఉత్తరాలు, ఫొటోలు, చేత్తో రాసిన వీడ్కోలు చీటీలు అంటించడం మొదలుపెట్టారు. కొంతకాలానికి ఆ సముదాయం నిర్వాహకులే యాంటో స్మారకంగా ఒక ఫలకం అమర్చారు. ఇక్కడ ఒక వివరం ఆలోచించదగినది. కథలో యాంటో చనిపోయింది లండన్‌లో. అయినా అభిమానులు స్మారకానికి ఎంచుకున్నది అతడు పర్యాటక సమాచార కేంద్రం ఉద్యోగిగా పైకి కనిపిస్తూ, తోటివారికి కాఫీ కాచి ఇస్తూ, రోజూ పనిచేసిన తలుపు. మరణించిన చోటు కన్న మసలిన చోటుకే వారు విలువ ఇచ్చారు, ఆత్మీయుడిని పోగొట్టుకున్న ఇల్లు ఆసుపత్రిని గాక అతడు కూర్చునే కుర్చీని చూసి కంటతడి పెట్టినట్లు.

రామానంద్ సాగర్ తీసిన రామాయణం 1987-88లో దూరదర్శన్‌లో ప్రసారమైనప్పుడు ఎన్నో ఇళ్లలో టీవీ పెట్టెకు పూలమాల వేసి, అగరువత్తి వెలిగించి చూశారు. అయినా ఆ ధారావాహిక చిత్రీకరణ జరిగిన గుజరాత్‌లోని ఉమర్‌గామ్ పుణ్యక్షేత్రాల వరుసలో చేరలేదు. కారణం స్పష్టమే: ఆ పూజ పెట్టెను దాటి, నటుణ్ణి దాటి, అప్పటికే అయోధ్యలోనూ భద్రాచలంలోనూ ప్రతి ఊరి రామాలయంలోనూ ఉన్న దేవుడిని చేరింది గనుక సెట్టు వేసిన చోటుతో దానికి పనిలేకపోయింది. యాంటోకు వేరే గుడి లేదు, వేరే సమాధి లేదు, వంశం లేదు. తెర మీద తప్ప అతడు ఉన్నదల్లా ఆ తలుపు దగ్గరే. కాబట్టి ఆ దుఃఖం అంతా ఆ గోడ మీదికే చేరింది. విశ్వాసం స్థలాన్ని దాటిపోగలదు, కల్పన పట్ల ప్రేమ స్థలాన్ని దాటలేదు. భక్తుడికీ అభిమానికీ మధ్య గల భేదాన్ని, వారిలో ఒకరినీ చిన్నబుచ్చకుండా, ఈ మాటలో చెప్పవచ్చు.

స్థలాన్ని దాటలేనివాడికి ఆ స్థలం పట్ల బాధ్యత ఉంటుంది. ఈ బాధ్యత ఎంతటిదో కార్డిఫ్‌లోనే కాథేస్ పార్కులోని శాంతి, ఆరోగ్య మందిరం దగ్గర తేటతెల్లమవుతుంది. 2005లో డాక్టర్ హూ రెండవ భాగంలో, ఐదు వందల కోట్ల సంవత్సరాల తరువాత సూర్యుడు ఉబ్బి భూమిని దహించే దృశ్యాన్ని చూడడానికి గ్రహాంతర సంపన్నులు గుమిగూడిన అంతరిక్ష కేంద్రంగా ఆ మందిరం లోపలి పాలరాతి హాలు కనిపించింది. అభిమానులు దానికోసమే అక్కడికి వస్తారు. కానీ ఆ మందిరం డేవిడ్ డేవిస్ ప్రభువు పూనికతో, మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన వేల్స్ వాసుల స్మృతికీ, మళ్లీ యుద్ధం రాకూడదన్న సంకల్పానికీ కట్టినది. 1938 నవంబరు 23న దానిని ప్రారంభించింది రాజో మంత్రో కాదు; ఆ యుద్ధంలో ముగ్గురు కొడుకులను పోగొట్టుకున్న మిన్నీ జేమ్స్ అనే డౌలైస్ ఊరి తల్లి. సుమారు 35,000 మంది మృతుల పేర్లు రాసిన స్మృతి గ్రంథం కోసం మందిరం అడుగున ప్రత్యేకంగా ఒక గది కట్టారు. భూమి అంతం కల్పితంగా జరిగిన హాలు అది, కొడుకుల అంతం నిజంగా జరిగిన తల్లి తెరిచిన హాలూ అదే.

రోల్డ్ డాల్ ప్లాస్ కింద కూడా నిజంగానే ఒక లోతు ఉంది. కథలో అక్కడ రహస్య స్థావరం ఉంటే, చరిత్రలో అక్కడ 1839లో తెరిచిన బ్యూట్ వెస్ట్ డాక్ అనే ఓడరేవు ముఖద్వారపు నీటి మడుగు ఉండేది. దానిని పూడ్చిన చోటే నేటి కూడలి. దక్షిణ వేల్స్ లోయల్లో తవ్విన బొగ్గు ఈ రేవుల గుండా ప్రపంచమంతటికీ పోయింది. ఆ లోయల్లోని సెంఘెనిడ్ ఊరిలో 1913 అక్టోబరు 14న గని పేలి 439 మంది కార్మికులు చనిపోయారు. బ్రిటన్ గనుల చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు. ఉక్కు స్తంభం మొదట్లోని బండ మీద నిలబడినవాడు రెండు పాతాళాల మీద నిలబడి ఉన్నాడు, ఒకటి ఊహించినది, ఒకటి పూడ్చినది. మొదటిదానికోసం వచ్చి రెండవదాని ఉనికే తెలియకుండా తిరిగిపోతే అతడు ఆ స్థలాన్ని చూడలేదు, స్థలం మీద పరచిన బొమ్మను మాత్రమే చూశాడు.

మహాభారతం అరణ్యపర్వంలోని తీర్థయాత్రా ఘట్టం ఈ సందర్భంలో ఒక ప్రమాణాన్ని అందిస్తుంది. తీర్థాల జాబితాను విప్పడానికి ముందే అది, చేతులూ కాళ్లూ మనసూ అదుపులో ఉన్నవాడికే తీర్థఫలం దక్కుతుందని షరతు పెడుతుంది. స్కాందపురాణంలోని కాశీఖండం, దీనినే శ్రీనాథుడు తెలుగు చేశాడు, సత్యం, ఓర్పు, దయ, దానం మొదలైనవాటిని మానస తీర్థాలని, అనగా మనసులోనే వెలసిన తీర్థాలని పేర్కొని, అవి లేకుండా నీళ్లలో మునిగినంత మాత్రాన ఫలం లేదని హెచ్చరిస్తుంది. అంటే సంప్రదాయం కూడా పవిత్రతను సంఘటనకే కట్టివేయలేదు, నమ్మకానికే వదిలివేయలేదు; చోటుకూ చేరినవాడికీ మధ్య ఏర్పడే బాధ్యతలో దానిని ఉంచింది. మనిషి దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి పుడతాడని వైదిక సంప్రదాయం చెబుతుంది. యాత్రికుడు కాలుపెట్టిన నేలకు కూడా ఋణపడతాడని, ఆ ఋణాన్ని గుర్తించినప్పుడే అతడి ప్రయాణం యాత్ర అవుతుందని దానికి చేర్చవచ్చు.

ఈ గీటురాయి మీద అభిమానుల యాత్ర వెలవెలపోవలసిన అవసరం లేదు. యాంటో పాత్రను బతికించమని బీబీసీకి కాఫీ పొట్లాలు పంపిన అభిమానులే, ఆ ఉద్యమంలో భాగంగా కష్టాల్లో ఉన్న పిల్లలకు తోడ్పడే ‘చిల్డ్రన్ ఇన్ నీడ్’ నిధికి విరాళాలు పోగుచేశారు. పిల్లల కోసం ప్రాణమిచ్చిన కల్పిత పాత్ర పేరున నిజమైన పిల్లలకు సాయం అందింది. కల్పన మీద కలిగిన ప్రేమ దానంగా మారిన ఈ చోట రసం తీర్థాన్ని తాకింది. ఎన్నడూ పుట్టని ఒక అపరిచితుడి కోసం ఏడవగలిగిన హృదయానికి, పుట్టి గనిలోనో కందకంలోనో పోయిన అపరిచితుల కోసం ఏడవడానికి కావలసిన శిక్షణ అప్పటికే దొరికి ఉంటుంది. మిగిలినది ఒక్క అడుగు: అంతరిక్ష కేంద్రాన్ని చూడవచ్చినవాడు అదే హాలులో మిన్నీ జేమ్స్ కొడుకుల గురించి కూడా అడగడం.

ఇదే గీటురాయి సంప్రదాయ యాత్రికుడికీ వర్తిస్తుంది, వర్తించాలి కూడా. పర్ణశాలలో నారచీరల చారలను కళ్లకద్దుకుని, ఆ అడవినీ ఆ గోదావరినీ తరతరాలుగా నమ్ముకుని బతుకుతున్న కోయ జనం వైపు చూడకుండా బస్సెక్కేవాడు, విశ్వాసం ఎంత గట్టిదైనా, క్షేత్రాన్ని బొమ్మగానే చూసి పోతున్నాడు. సంఘటన జరిగిందా లేదా అన్నది చరిత్రకారుల ప్రశ్న, దైవం ఉన్నదా లేదా అన్నది వేదాంతుల ప్రశ్న. ఈ చోటుకు నేను ఏమి బాకీ అన్నది మాత్రం ప్రతి యాత్రికుడూ తనను తాను వేసుకోవలసిన ప్రశ్న. జరగని కథ పిలుపు మీద వచ్చినవాడైనా, జరిగిందని నమ్మి వచ్చినవాడైనా, ఆ ప్రశ్న వేసుకుని, ఆ బాకీని తన శక్తి కొద్దీ తీర్చడానికి పూనుకున్నప్పుడు ఆ చోటు పవిత్రమవుతుంది. పూనుకోనప్పుడు ఎంతటి మహాక్షేత్రమైనా అతడి మట్టుకు చిత్రీకరణ స్థలంగానే మిగిలిపోతుంది.